రంగు కింద ఏముంది?

నేను రంగు అమ్ముకుని బతికేవాణ్ని. తిరుపతిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు నాది. పెళ్లి శుభలేఖలు, కాలెండర్లు, విజిటింగ్ కార్డులు, యాత్రికులు కొనుక్కుపోయే కీచైన్ల మీద బొమ్మలు, అన్నీ వేస్తాం. ఇరవై ఏళ్లుగా నా గోళ్ల సందుల్లో ఏదో ఒక రంగు ఉంటూనే ఉంది. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది రంగంటే గిట్టనివాడి గొణుగుడు అనుకోవద్దు. ఈ మధ్య వెండి నాణేల మీద రంగు బొమ్మలు వేసి అమ్ముతున్నారు కదా, అవి నాణేలు పోగుచేసుకునేవాళ్లకు నిజంగా నచ్చుతాయా అని ఒక మిత్రుడు అడిగాడు. నచ్చవు అని ఒక్క ముక్కలో చెప్పేశాను. ఇంటికొచ్చి నా డబ్బా తెరిస్తే అలాంటివి రెండున్నాయి. అందుకని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చింది.

నాణేల పిచ్చి నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయన దగ్గర 1969లో గాంధీ శతజయంతికి వేసిన పది రూపాయల వెండి నాణెం ఒకటి ఉండేది. 15 గ్రాముల బరువు, 80 శాతం వెండి. కష్టకాలంలో ఇంట్లో ఇత్తడి బిందెలు కూడా తాకట్టుకు పోయాయి గానీ అది పోలేదు. పండగ రోజు పెట్టెలోంచి తీసి మా చేతిలో పెట్టేవాడు. తల పక్కకు తిప్పి ఉన్న గాంధీ, గుండు మీద మెరుపు, చెవి కింద నీడ. ఆ నీడ ఎక్కడిదో చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. నల్ల రంగు వేశారేమో అని వేలితో రుద్ది చూసేవాణ్ని. రంగు కాదు, నాణేన్ని ఇటు తిప్పితే ఆ నీడ అటు పోయేది.

రంగు నాణెం మొదటిది మా బావమరిది తెచ్చాడు. ఆస్ట్రేలియా నుంచి వస్తూ, “బావా, నీ కలెక్షన్‌కి” అని చేతిలో పెట్టాడు. ఏదో పసిఫిక్ దీవి పేరు మీద వచ్చిన ఒక ఔన్సు నాణెం. ఔన్సంటే 31 గ్రాముల చిల్లర, మేలిమి వెండి. ఒక పక్క ఎలిజబెత్ రాణిగారు, రెండో పక్క రామచిలక. ఎర్ర రొమ్ము, పచ్చ రెక్కలు, నీలం తల. ఇంట్లో అందరూ ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మరీ చూశారు. నా దగ్గరున్న మూడు వందల పైచిలుకు నాణేల్లో దేన్నీ మా ఇంట్లో వాళ్లు అలా చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను.

రాత్రి అందరూ పడుకున్నాక ప్రెస్సులో వాడే లూప్, అంటే కంటికి ఆనించుకుని చూసే చిన్న భూతద్దం, తీశాను. ప్రింటింగ్ వాళ్లకు ఇదొక జబ్బు, ఏ బొమ్మ కనబడినా చుక్కలు వెతుకుతాం. చిలక రెక్క కొసన చుక్కలు కనబడ్డాయి. సయాన్, మజెంటా, పసుపు, నలుపు, పూరేకుల్లా గుండ్రంగా చేరిన చుక్కలు. నేను రోజూ శుభలేఖల మీద చూసేవే. ముక్కు దగ్గర మజెంటా వెంట్రుకవాసి పక్కకు జరిగింది. మా భాషలో రిజిస్ట్రేషన్ అవుట్. మా కుర్రాడు గనక ఇలా వేసి ఉంటే ఆ షీట్లు చించేసి మళ్లీ వేయమనేవాణ్ని. క్యాప్సూల్‌లో పెట్టి, సర్టిఫికెట్ జోడించి, మా బావమరిదికి ఎంతకు అమ్మారో నేనడగలేదు, వాడూ చెప్పలేదు.

వేసే పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. ఎక్కువగా వాడేది ప్యాడ్ ప్రింటింగ్, కీచైన్ల మీద, పెన్నుల మీద పేరు వేసేదీ అదే. బొమ్మను ఒక పలక మీద వెంట్రుకంత లోతున దించుతారు. అందులో ఇంకు నింపి పైన మిగిలింది గీకేస్తారు. సగానికి కోసిన ఉడకబెట్టిన గుడ్డులాంటి సిలికాన్ ముద్ద ఒకటుంటుంది. అది పలక మీద ఒదిగి ఇంకును ఎత్తుకుంటుంది, పోయి వస్తువు మీద దించుతుంది. రంగుకో పలక, రంగుకో దెబ్బ. కొన్ని చోట్ల ఎనామెల్ నింపుతారు, ఇప్పుడు డిజిటల్ యంత్రాలతో నేరుగా కూడా కొడుతున్నారు. ముద్ద మెత్తగా ఉంటుంది కాబట్టి కాస్త ఎగుడుదిగుడున్నా రంగు అంటుకుంటుంది. మరీ ఉబ్బెత్తుగా ఉంటే మాత్రం బొమ్మ సాగిపోతుంది, ముఖం మూతి వంకరపోతుంది. అందుకని రంగు పడాల్సిన చోట ఉబ్బెత్తు తగ్గించేస్తారు, కొన్నిసార్లు అసలు చెక్కకుండా చదునుగానే వదిలేస్తారు. నా తగాదా అంతా ఇక్కడే. రంగు వచ్చిందంటే చెక్కేవాడి పని తగ్గిందన్నమాట.

మామూలుగా మంచి ప్రూఫ్ నాణెం, అంటే దాచుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా కొట్టేది, ఎలా చేస్తారో చూస్తే ఎంత పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది. అచ్చును అద్దంలా మెరుగు పెడతారు. బొమ్మ ఉన్న భాగాన్ని మాత్రం మంచు పట్టినట్టు గరుకుగా చేస్తారు. వెండి బిళ్లను కూడా ముందే మెరుగుపెట్టి, ఒకే అచ్చు కింద ఒకటికి రెండుసార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ దెబ్బలు కొడతారు. అప్పుడు వెనక అద్దం, దాని మీద తెల్లటి బొమ్మ. ట్యూబులైటు కింద కాస్త వంచండి. అద్దం నల్లబడుతుంది, బొమ్మ తెల్లగా తేలుతుంది. ఇంకాస్త వంచితే తారుమారు. వెండి తెల్లటి లోహమంటారు గానీ, నా అనుభవంలో అది ఎదురుగా ఉన్నదాని రంగు పట్టుకునే లోహం. పొద్దున కిటికీ దగ్గర ఒకలా, దీపం దగ్గర ఇంకొకలా ఉంటుంది. ఇంకు పడిన చోట ఈ ఆటంతా ఆగిపోతుంది. చిలక ఎర్ర రొమ్ము పొద్దున కూడా ఎరుపే, రాత్రి కూడా ఎరుపే.

మా ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి ఉంది. విజయనగరం చివరి రోజుల్లో అరవీటి రాజులకు అది రాజధాని. వాళ్లలో వేంకటపతిదేవరాయలు బంగారు వరహా వేయించాడు. ఒక వైపు తోరణం కింద నిలబడిన వేంకటేశ్వరస్వామి, రెండో వైపు నాగరి లిపిలో “శ్రీ వేంకటేశ్వరాయ నమః” అని. మూడున్నర గ్రాములు కూడా ఉండదు, చిటికెన వేలి గోరంత. ఆ తర్వాత మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్లు కూడా జనం నమ్మకం కోసం స్వామినీ, పక్కన ఇద్దరు దేవేరులనూ వేసి వరహాలు కొట్టారు. వాటికి మూడు స్వాముల వరహాలని పేరు. ఒకసారి నాణేల ప్రదర్శనలో గాజు కింద ఒకటి చూశాను. స్వామి ముఖం అంటే ఒక చుక్క, అంతే. కిరీటం ఇంకో చుక్క, చేతులు రెండు గీతలు. అయినా పక్కనున్న పెద్దామె చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. నాలుగు చుక్కలతో పనైపోయింది ఆ అచ్చు చెక్కినవాడికి. నా చిలకకు కొన్ని వేల చుక్కలు పట్టాయి.

ఇంతవరకూ చదివి, వీడు పాతకాలం మనిషి, రంగు పడదు అని తేల్చేయొద్దు. అసలు మెలిక ఇప్పుడొస్తుంది. నాణేల పిచ్చివాళ్లకు రంగంటే ప్రాణం. ఎంత ప్రాణమంటే, ఒక్కోసారి మామూలు ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొంటారు. అమెరికా వాళ్ల మోర్గాన్ డాలరని ఉంది. 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో వేసిన వెండి డాలరు. వాటిని గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాల్లో పడేశారు. సంచికి ఆనుకుని ఉన్న నాణేనికి దశాబ్దాల తరబడి గంధకం తగిలి పైన పలచటి పొర కట్టింది. నల్లబడటమే అది, మన పూజ గదిలో వెండి కుందికి పట్టే చిలుమే. పొర మరీ పలచగా ఉన్న దశలో మాత్రం వెలుతురు దాని పైనా కిందా తగిలి విడిపోయి, నాణెం మీద ఇంద్రధనుస్సు పూస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే కనబడే రంగులు చూశారా, అవే. బంగారు పసుపు, ఊదా, నెమలి నీలం. అలాంటి నాణెం వేలానికి వస్తే పోటీ మామూలుగా ఉండదు. మందులు రాసి, వేడి చేసి దొంగ ఇంద్రధనుస్సులు పుట్టించేవాళ్లు కూడా ఉన్నారంటే గిరాకీ ఎంతో ఊహించుకోండి.

చిలుముకు డబ్బిస్తారు, చిలకకు ఇవ్వరు. ఇదేం న్యాయం అని మా మిత్రుడి ప్రశ్న. సబబైన ప్రశ్నే.

దానికి నాకు జవాబు శ్రీకాళహస్తిలో దొరికింది. కలంకారీ వేసేవాళ్లు ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెడతారు. ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో నల్ల గీతలు గీస్తారు. పటిక పెట్టిన చోట ఎరుపు పట్టుకుంటుంది, పెట్టని చోట పట్టుకోదు. ఉడకబెట్టి, ఏటి నీళ్లలో ఉతికి ఆరేస్తారు. ఆ రంగు నూలు లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అదే డిజైన్‌ను మాలాంటి వాళ్లం స్క్రీన్ పెట్టి కొడితే రంగు గుడ్డ పైన పక్కు కట్టినట్టు ఉంటుంది. గోటితో గీకితే తేడా తెలుస్తుంది. రెండూ అమ్ముడుపోతాయి, రెండిటికీ కొనేవాళ్లున్నారు. పాతికేళ్ల తర్వాత పెట్టె అడుగున మిగిలేది మాత్రం మొదటిదే. నాణేల వాళ్లు వెతుకుతున్నదీ అదే అని నాకు అనిపిస్తుంది. లోహంలోంచి వచ్చిన రంగుకు మెడ వంచుతారు. లోహం మీద పడ్డ రంగును చూసి “బాగుంది” అని పక్కన పెడతారు.

కావాలంటే ఆస్ట్రియా వాళ్లను చూడండి. 2003లో హాల్ అనే ఊరికి 700 ఏళ్లు నిండాయని 25 యూరోల నాణెం వేశారు. చుట్టూ వెండి ఉంగరం, మధ్యలో నియోబియం అనే లోహం. ఆ మధ్య బిళ్ల నీలం. ఇంకు చుక్క కూడా లేదు. విద్యుత్తుతో ఆ లోహం మీద ఆక్సైడు పొర పెంచుతారు. పొర మందం మారితే రంగు మారుతుంది, నీలం, ఆకుపచ్చ, ఊదా. మోర్గాన్ డాలరు సంచిలో దశాబ్దాలు కూర్చుని చేసిన పనిని వీళ్లు కొలిచి చేశారన్నమాట. వంచితే రంగు కూడా కదులుతుంది. ఆ తర్వాత ఏటా ఒకటి వేస్తూ వచ్చారు, ఆ వరస కోసం ఎదురుచూసి కొనేవాళ్లున్నారు. నా దగ్గర లేదు. ఉంటే ఈ వ్యాసం ఇంకొంచెం గర్వంగా ఉండేది.

జర్మనీ వాళ్లు 2016లో భూగోళం మీద వేసిన 5 యూరోలది ఇంకో దారి. వెండి కాదు గానీ, రెండు లోహపు భాగాల మధ్య వెలుతురు పారే నీలం పాలిమర్ ఉంగరం పెట్టారు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే భూమి చుట్టూ గాలి పొరలా వెలుగుతుందట. ఇలాంటివి చూశాక రంగు మీద నా కోపం సగం తగ్గిపోయింది. మిగిలిన సగం సోమరితనం మీద.

సోమరితనం అన్నాను కదా, ఆ కథ కొంచెం చెప్పాలి. ఆధునిక రంగు నాణేలకు మొదటి పేరు 1992లో పలావు అనే దీవుల దేశానికి దక్కింది, సముద్ర జీవుల మీద వేసిన వరస అది. చేపలకు, పగడాలకు రంగు లేకపోతే వాటిని చూసి ఏం చేసుకుంటాం? అక్కడ రంగుకు పని ఉంది. తర్వాత వ్యాపారం కనిపెట్టేశారు. చిన్న చిన్న దేశాలు తమ పేరునూ, నాణెం మీది విలువనూ ఇస్తాయి, ఎక్కడో పెద్ద టంకశాల కొట్టి పెడుతుంది, బొమ్మల కంపెనీల పాత్రలు వచ్చి కూర్చుంటాయి. నియూ అనే దీవి ఉంది. జనాభా రెండు వేలు కూడా లేదు. మన వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కొన్ని కంపార్ట్‌మెంట్లలో పట్టేంత జనం. ఆ దేశం పేరు మీద డిస్నీ పాత్రలు, స్టార్ వార్స్ పాత్రలు వెండి మీద రంగుల్లో వచ్చాయి. ఆ నాణెంతో అక్కడ టీ తాగేవాడు ఒక్కడైనా ఉంటాడా అని నా అనుమానం. చట్టప్రకారం డబ్బే, వాడుకలో బహుమతి.

అమెరికా టంకశాల మాత్రం చాలాకాలం బిగదీసుకుని కూర్చుంది. 2020లో బాస్కెట్‌బాల్ నాణేలకు గానీ రంగు ముట్టుకోలేదు. వాళ్ల వెండి ఈగిల్ నాణెం 1986 నుంచి తెల్లగానే వస్తోంది. బయట ప్రైవేటు వాళ్లు కొని, రంగు పూసి, “లిమిటెడ్” అని డబ్బా వేసి అమ్ముతారు. నాణేల వాళ్లు దాన్ని పాడైపోయిన నాణెం కిందే లెక్కేస్తారు. మన దగ్గర సర్కారు నాణేన్ని చెరపడం, కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం కూడా. అయినా గుళ్ల దగ్గర వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల బిళ్లలకు రంగులేసి యాభైకీ వందకూ అంటగట్టేవాళ్లను నేను చూశాను.

రంగుకు అన్నిటికంటే ఎక్కువ పని ఉన్న నాణెం నా దృష్టిలో ఒకటుంది, అది వెండిది కూడా కాదు. కెనడా 2004లో వేసిన పాతిక సెంట్ల బిళ్ల. యుద్ధంలో పోయిన సైనికుల గుర్తుగా ఆ దేశంలో ఎర్ర గసగసాల పువ్వు పెట్టుకుంటారు. ఆ పువ్వును ఎర్రగా వేసి, కోట్లలో కొట్టి, చిల్లరగా జనంలోకి వదిలారు. చలామణీలోకి వచ్చిన మొదటి రంగు నాణెం అది. ఆ పువ్వుకు ఎరుపు తీసేస్తే అర్థమే పోతుంది. కొన్నాళ్లకు జేబుల్లో, గల్లాపెట్టెల్లో రాసుకుని ఎరుపు అరిగింది, అది వేరే సంగతి. ఇంకో తమాషా ఏంటంటే, కెనడా వెళ్లొచ్చిన కొందరు అమెరికా రక్షణ కాంట్రాక్టర్లు ఈ బిళ్ల చూసి బెదిరిపోయారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, పైన ఏదో వింత పూత ఉంది, గూఢచారి యంత్రమేమో అని పైవాళ్లకు రిపోర్టు రాశారు. 2007లో ఆ సంగతి పత్రికలకెక్కింది. లూప్ పట్టుకుని రాత్రిళ్లు చిలక మీద చుక్కలు లెక్కపెట్టిన నేను వాళ్లను చూసి నవ్వలేను గానీ, మీరు నవ్వుకోవచ్చు.

ఇక మన సంగతి. 2023 ఆగస్టు 28న ఎన్టీఆర్ శతజయంతి నాణెం రాష్ట్రపతి చేతుల మీదుగా వచ్చింది. వంద రూపాయల బిళ్ల, 35 గ్రాములు, 44 మిల్లీమీటర్లు, సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెలూ జింకూ. హైదరాబాదు టంకశాలలో కొట్టారు. 1983లో మా తిరుపతి నుంచి కూడా గెలిచిన మనిషి కాబట్టి ఇక్కడ మోజు మామూలుగా లేదు. అందులో ఉన్న వెండి పదిహేడున్నర గ్రాములు, అప్పటి రేటుకు పదమూడు పద్నాలుగు వందలు. మేం పెట్టింది మూడున్నర వేలకు పైనే. ఒక్క చుక్క రంగు లేదు. అయినా జనం వరస కట్టారు. ఆ ముక్కూ ఆ గడ్డమూ గీత చాలు గుర్తుపట్టడానికి. మా ప్రెస్సు కుర్రాడు మాత్రం, “అన్నా, నీలం రంగు కృష్ణుడిగా వేసుంటే ఎట్లుండేది?” అన్నాడు. ఒక నిమిషం ఆలోచించాను. అలా వేసుంటే రెండోది కూడా కొనేవాణ్ని, అబద్ధమెందుకు.

ఆ తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వ టంకశాలల సంస్థే అయోధ్య బాలరాముడి మీద రంగు వేసిన వెండి బిళ్ల తెచ్చింది. 50 గ్రాములు, మేలిమి వెండి, అప్పటి ధర 5,860 రూపాయలు. దాని మీద రూపాయల విలువ ఉండదు, జ్ఞాపిక అంతే. మా అంగడి పక్కన మందుల షాపాయన అది కొన్నాడు. కొన్నప్పుడు నేను పెద్దమనిషిలా సలహా ఇచ్చాను, “అన్నా, రంగు బిళ్ల, తిరిగి అమ్మితే వెండి ధరే వస్తుంది” అని. నా మాట నిజమే అయింది, నా ముఖమే మాడింది. 2025 చివరికి వెండి కిలో రెండు లక్షలు దాటిపోయింది. ఆయన బిళ్లలో వెండే పదివేలయింది. ఇప్పుడు నేను ఆ అంగడికి జ్వరం మాత్రకు వెళ్లినా ఆయన ఆ లెక్క గుర్తుచేస్తాడు. ఆ లాభం వెండిది, రాముడి ఒంటి మీది రంగుది కాదు అని చెప్పబోయాను. వినలేదు. వినాల్సిన అవసరమూ ఆయనకు లేదు.

వెండి పెరిగిన ఆ రోజుల్లోనే నేనూ ఆశకు పోయి చిలకను గాంధీ రోడ్డుకు తీసుకెళ్లాను. తెలిసిన వెండి అంగడి. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, అటూ ఇటూ తిప్పి, తూకంలో వేశాడు.

“ఎంతకు తెచ్చుకున్నార్సార్?”

“మా బావమరిది ఇచ్చాడు. విదేశీ నాణెం. కొన్ని వేలే వేశారంట.”

“అది సరే సార్. చిలకకు రేటు లేదు, వెండికే. అందులోనూ ఈ రంగు తీసి కరిగించల్ల. పొగ, వాసన. తరుగు కింద కొంచెం పట్టుకుంటా.”

పక్కనే ఎవరో అమ్మడానికి తెచ్చిన పాత విక్టోరియా రూపాయలు నాలుగు పడి ఉన్నాయి, నల్లగా, అరిగిపోయి. వాటిని మాత్రం ఆయన తూకంలో వేయలేదు. ఏడాదులు చూసి, ఒకదాన్ని విడిగా తీసి సొరుగులో పెట్టుకున్నాడు. నేను చిలకను జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాను.

ఇప్పటిదాకా చెప్పినదంతా నా వైపు వాదన. దీనికి గట్టి ఎదురు మా ఇంట్లోనే ఉంది. అక్షయ తృతీయ నాడు మా ఆవిడ ఒక నగల అంగట్లో 20 గ్రాముల వెండి బిళ్ల కొంది. శ్రీవారి బొమ్మ, రంగుల్లో. నేను మొహం చిట్లించి, తిరుమలలో దేవస్థానం వాళ్లమ్మే వెండి డాలరు తెచ్చుకుంటే సరిపోయేది కదా, ఎంత చక్కగా ఉంటుంది ఉట్టి వెండి మీద స్వామి అన్నాను.

“ఏమండీ, మీరు స్వామిని ఎప్పుడైనా చూశారా?” అంది.

“అదేం ప్రశ్న?”

“గర్భగుడిలో స్వామి నల్లగా ఉంటాడు. నామం తెల్లగా, మధ్యలో కస్తూరి తిలకం. మెడలో తులసి పచ్చగా. మీ వెండి డాలరులో అన్నీ ఒకే తెలుపు. అది స్వామి అని మీకు ముందే తెలుసు కాబట్టి స్వామిలా కనబడుతోంది. నాకు కళ్లు మూసుకుంటే కనబడేది ఇదీ” అని బిళ్ల చూపించింది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వెలుతురు ఆటలూ, ప్రూఫ్ మెరుపులూ నాణెం కోసం నాణెం చూసేవాడికి. ఆవిడ నాణేన్ని చూడటం లేదు, దానిలోంచి ఇంకెక్కడికో చూస్తోంది. కొనేవాళ్లలో ఎక్కువమంది ఆవిడలాంటి వాళ్లే. పుట్టినరోజుకు, ఉపనయనానికి, గృహప్రవేశానికి ఇచ్చేవాళ్లు. ఇచ్చింది తీసుకున్నవాడు డబ్బా మూత తెరవగానే “అబ్బ” అనాలి. తెల్ల వెండికి ఆ “అబ్బ” రావడానికి కాస్త టైము పడుతుంది, కాస్త చెప్పాల్సి వస్తుంది. టంకశాలల వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. వాళ్లను తప్పుపట్టను. “పెట్టుబడి”, “అరుదైనది” అని చెవిలో పువ్వు పెట్టడం మాత్రం మానేస్తే బాగుండును.

ఆ బిళ్ల కథ అక్కడితో అయిపోలేదు. శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు మా అత్తగారు పూజ సామానంతా ముందేసుకుని కూర్చుంది. కుందులు, పంచపాత్ర, లక్ష్మీ రూపు, పళ్లెం. విభూతి, నిమ్మచెక్క, తడిగుడ్డ. డెబ్బై ఏళ్లుగా వెండిని ఎలా తోముతోందో అలాగే తోమింది. వరసలో ఈ బిళ్ల కూడా వచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి ప్రెస్సు మూసే వేళకు ఆవిడ స్వయంగా మెట్లు దిగి వచ్చింది. చేతిలో బిళ్ల, తడిగుడ్డ. గుడ్డకు నల్లటి మరక, పక్కన పచ్చటి మరక.

“నాయనా, నువ్వు రంగులేసేవాడివి కదా. మళ్లీ వేయగలవా?”

లూప్ పెట్టి చూశాను. తులసిమాల సగం పోయింది. తిలకం పోయింది. కుడి వైపు ముఖం మొత్తం లేచిపోయింది. ఇంకు లేచిన అంచు పాత గోడ మీద సున్నంలా పెచ్చులు కట్టి ఉంది. ఆ పెచ్చు కింద ఏముందో చూద్దామని దీపం దగ్గరికి వంచాను. ఎలా వంచినా ఒకటే. ముక్కు లేదు, కన్ను లేదు, పెదవి గీత లేదు. చదునైన వెండి. కిరీటమూ శంఖచక్రాలూ మాత్రం చెక్కి ఉన్నాయి, వాటి మధ్య ముఖం ఉండాల్సిన చోట పళ్లెం అడుగులా నున్నగా ఉంది. విభూతి రాపిడికి పడ్డ సన్నటి గీతలు తప్ప ఏమీ లేదు. నాయన ఇచ్చిన గాంధీని చిన్నప్పుడు నేనూ ఇలాగే రుద్దాను, ఆ నీడ ఇప్పటికీ అక్కడే ఉంది.

నిజం చెప్పాలంటే నాకు అరగంట పని. కీచైన్లకు వేసే శ్రీవారి పలక సిద్ధంగానే ఉంది. సైజు కూడా దగ్గర దగ్గర సరిపోతుంది. మెషీన్ ఆన్ చేయడానికి చెయ్యి కూడా పోయింది.

“వేస్తాను గానీ అత్తయ్యా, మళ్లీ తోమితే మళ్లీ పోతుంది.”

ఆవిడ కాసేపు ఆ బిళ్లనే చూస్తూ కూర్చుంది. “వద్దులే. ముఖం భిన్నమైంది, ఇంక పూజలో పెట్టకూడదు. కొండకు పోయినప్పుడు హుండీలో వేద్దాం” అంది.

వ్రతం అయ్యాక రెండో వారం పోయాం. పసుపు గుడ్డలో ముడుపు కట్టి నా చేతికే ఇచ్చింది. దర్శనమై బయటికొచ్చాక హుండీ దగ్గర, వేసేముందు ఎందుకో ముడి విప్పి చూశాను. తెల్ల నామంలో ఒక గీత ఇంకా మిగిలి ఉంది, మిగతాదంతా దీపాల వెలుతురు. వెనక నుంచి ఎవరో “జరగండి, జరగండి” అన్నారు. వేసేశాను.